బోర్డు బాబాయి

రక్తపరీక్షల ల్యాబ్ కనిపిస్తే మా బాబాయికి కాళ్ళు ముందుకు సాగవు. ఒంట్లో బాగాలేక కాదు. ఆయన తుమ్మగా చూసినవాళ్ళే తక్కువ. లోపలికి వెళ్ళి, కౌంటరు మీద రెండు మోచేతులూ ఆనించి, "ధరల బోర్డెక్కడమ్మా?" అని అడిగితే గానీ ఆయనకు తిన్నది అరగదు. ఊళ్ళో ఏ ల్యాబ్‌లోనూ ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన బోర్డు బాబాయే.

సంగతేమిటంటే, ప్రైవేటు ల్యాబ్‌లు ఏ పరీక్షకు ఎంతకు మించి తీసుకోకూడదో ప్రభుత్వం ఒక పట్టిక ప్రకటించింది. దాన్ని వచ్చినవాళ్ళకు కనిపించేలా గోడకు పెట్టాలని కూడా రాసింది. అందరూ ఆ వార్త చదివి, పేపరు మడిచి పక్కన పెట్టారు. బాబాయి మాత్రం ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. కామా ఒకటి కనిపించకపోతేనే నిద్రపట్టని మనిషికి ఏకంగా బోర్డే కనిపించకపోతే ఎలా ఉంటుంది? పట్టిక కత్తిరించి, లామినేషన్ చేయించి, చేతిసంచిలో వేసుకుని ఊరిమీద పడ్డాడు.

బోర్డు లేని ల్యాబ్ ఒక్కటీ లేదు. కాకపోతే కంటికి ఆనే బోర్డే లేదు. ఒకచోట తలుపు వెనక, ఒకచోట మంచినీళ్ళ ఫిల్టరు చాటున. మరొకచోట సీలింగుకు జానెడు కింద. అక్కడ బాబాయి స్టూలు అడిగి ఎక్కి, భూతద్దం పెట్టి, కింద వరసలో నిలబడ్డవాళ్ళకు ఒక్కో ధరా వార్తల్లా చదివి వినిపించి దిగాడు.

ఒకేఒక్క ల్యాబ్‌లో బోర్డు ఎదురుగానే ఉంది. కానీ అందులో 'కాలేయ పరీక్ష' అని ఉండాల్సినచోట 'కాలేజీ పరీక్ష' అని పడింది.

"హాల్ టికెట్టు కూడా మీరే ఇస్తారామ్మా?" అని అడిగి, జేబులోంచి ఎర్రపెన్ను తీసి దిద్ది, ఆ సంబరంలో ధర అడగడం మరిచిపోయి ఇంటికొచ్చేశాడు. సాయంత్రం గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళాడు.

"కుక్కరు గాస్కెట్టు కొందామని బయల్దేరామే," అని పిన్ని నాతో మొరపెట్టుకుంది. "దారిలో మూడు ల్యాబులు తగిలాయి. గాస్కెట్టయితే రాలేదు గానీ, ఊళ్ళో థైరాయిడ్ ఎక్కడెంతో నాకు నోటికొచ్చేసింది."

నా ఖర్మకొద్దీ నాకు ఉద్యోగం ల్యాబ్‌లోనే దొరికింది. కౌంటరులో, మధ్యాహ్నం షిఫ్టు.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా. మా ల్యాబ్‌కి మాత్రం రాకు."

"ఛఛ, సొంత అన్నకూతురి ఉద్యోగానికి ఎసరు పెడతానా?"

మూడో రోజు మధ్యాహ్నానికల్లా వచ్చాడు. నన్ను జన్మలో చూడనట్టు మొహం పెట్టి, "ధరల బోర్డెక్కడండీ మేడమ్?" అన్నాడు.

మా బోర్డు చేపల తొట్టి వెనక ఉంది. ఆ సంగతి చేపలకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఆ ఎర్రచేప పక్కకి తప్పుకుంటే కనిపిస్తుందండీ," అన్నాను చచ్చినట్టు.

ఆ చేప తప్పుకునేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి థైరాయిడ్ ఎంత అన్నాడు. చెప్పాను. సంచిలోంచి పట్టిక బయటికొచ్చింది.

"ఇందులో మీరు చెప్పినదాంట్లో సగమే ఉందే మేడమ్!"

ఓనరు గదిలోంచి వచ్చాడు. పావుగంట సేపు హాలంతా దద్దరిల్లింది. చివరికి ఓనరే దిగొచ్చాడు.

"సరే మహానుభావా, ఆ రేటుకే చేస్తాం. ఎవరికి పరీక్ష?"

"నాకే."

"అయితే చెయ్యి చాపండి."

"ఇప్పుడా? అన్నం తినొచ్చాను. పొద్దున్నే పరగడుపున వస్తా. ఆ రేటు స్లిప్పు మీద రాసి స్టాంపు వెయ్యండి. పేరక్కర్లేదు, పరీక్ష పేరు చాలు."

నేను రాసిచ్చాను. ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఇదే తంతు. షుగరు పరీక్ష ఎవరికి? నాకే. కిడ్నీ? నాకే. ఎముకల బలం? అదీ నాకే.

"ఈయన ఒంట్లో పనిచేసే పార్టు ఒక్కటైనా ఉందా?" అని ఓనరు తల పట్టుకున్నాడు.

ఒకరోజు గర్భ నిర్ధారణ పరీక్ష ధర అడిగాడు. ఓనరు కళ్ళు చికిలించి, "ఎవరికండీ?" అన్నాడు.

అలవాటు కొద్దీ, "నాకే," అనేశాడు బాబాయి.

హాలంతా గొల్లుమంది. బాబాయి తొణకలేదు. "అనుమానమంటూ వచ్చాక తీర్చుకోవాలి కదా!" అని స్లిప్పు తీసుకుని, తలెత్తుకుని మెట్లు దిగాడు.

ఆయన రక్తమిచ్చిన పాపాన మాత్రం పోలేదు. నా షిఫ్టులో నేనెప్పుడూ చూడలేదు. ఈయనకు కావలసింది పరీక్ష కాదు, పోట్లాటేనని నేను తీర్మానించుకున్నాను.

ఇలా ఉండగా పిన్ని ఒకనాడు కళ్ళజోడు పట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది. "మీ బాబాయి ఇది మర్చిపోయాడే. ఇక్కడికే వచ్చుంటాడు కదా?"

నా వెనకే ఓనరున్నాడు. "ఆయన మీ బాబాయా!"

అంతే. "రేపట్నుంచి నీది పొద్దున ఆరింటి షిఫ్టు. ఇంకోసారి ఆయన ఇక్కడ గొంతెత్తితే నీకు ఏ షిఫ్టూ ఉండదు," అన్నాడు.

మర్నాడు కళ్ళు నులుముకుంటూ, మనసులో బాబాయిని తిట్టుకుంటూ కౌంటరు తెరిచాను. మొదట ఒక పెయింటరు తన భార్యతో వచ్చాడు. చొక్కానిండా సున్నం మరకలు. థైరాయిడ్ పరీక్ష అంటూ ఒక స్లిప్పు నా ముందు పెట్టాడు. దాని మీద ఉన్నది నా చేతిరాతే.

"ఇది మీకెక్కడిది?"

"మొన్న మధ్యాహ్నం వచ్చి రేటు అడిగామండీ. రేపొస్తామని చెప్పి దిగిపోతుంటే, మెట్ల మీద ఒక పెద్దాయన చెప్పు సరిచేసుకుంటూ, ఏ పరీక్ష అన్నారు. పావుగంట ఆగమని లోపలికెళ్ళి ఇది తెచ్చిచ్చారు. ఆయనకి సూదంటే భయమట. ఎలాగూ దండగైపోతుంది, మీరు వాడుకోండి అన్నారు."

తర్వాత ఇస్త్రీ బండి నడిపే ఆవిడ షుగరు స్లిప్పుతో వచ్చింది. ఆవిడదీ అదే మాట. ఆవిడ వెనక ఒక కొత్త పెళ్ళికూతురు, అత్తగారితో. గర్భ నిర్ధారణ స్లిప్పు తీసి, "పాపం, ఆ పెద్దాయనకి సూదంటే భయమట కదండీ," అంది.

"ఆ వయసులో ఆయనకీ పరీక్షెందుకో మాకు తెలీదు గానీ," అని అత్తగారు గొంతు తగ్గించింది, "మహా మంచి మనిషి."

నవ్వాపుకోలేక బల్ల కింద పెన్ను వెతుకుతున్నట్టు వంగాను. లేచేసరికి నవ్వు పోయింది. 'రేపొస్తాం' అనే మాట నేను రోజుకు పదిసార్లు వింటాను. తల ఎత్తకుండానే సరే అంటాను. వాళ్ళు రాని సంగతి నాకు ఎన్నడూ పట్టలేదు. బాబాయి ఆ మాట కోసమే మెట్ల మీద కాపు కాశాడు. వాళ్ళు ఎవరి ముందూ చెయ్యి చాపనక్కర్లేకుండా, పిచ్చివాడన్న పేరు తను మోశాడు.

నేను టెక్నీషియన్ను పిలిచాను. ఇద్దరం కలిసి చేపల తొట్టిని కిటికీ దగ్గరికి జరిపాం.

ఎనిమిదింటికి ఓనరు వచ్చాడు. "చేపలేవి?"

"వెలుతురు కోసం అటు పెట్టామండీ."

ఆయన గోడ చూశాడు. నన్ను చూశాడు. నా ఉద్యోగం ఊడబెరకడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే, బోర్డు చదువుకుంటున్న ముసలాయన ఒకడు వెనక్కి తిరిగి, "ఉన్న రేటు ఉన్నట్టు రాసిపెట్టావు. ధర్మంగా నడుపుతున్నావు నాయనా," అని రెండు చేతులూ జోడించాడు.

మా ఓనరును ల్యాబ్ పెట్టాక అంత మాట అన్నవాళ్ళు లేరు. తెరిచిన నోరు మూసుకున్నాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"బోర్డు మీద దుమ్ముంది," అన్నాడు నాతో. "తుడిపించు." తన గదిలోకి వెళ్ళినవాడు ఇక బయటికి రాలేదు.

పదింటికి బాబాయి వచ్చాడు. చేతిలో సంచి లేదు. పిన్ని గడ్డి పెట్టి పంపినట్టుంది, మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"మీ ఓనరుని బతిమాలుకుందామని వచ్చానే. నీ ఉద్యోగం..." అంటూ గోడ వైపు చూసి ఆగిపోయాడు. దగ్గరికి వెళ్ళి పైనుంచి కిందిదాకా చదివాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయే!" అన్నాడు, రైలు తప్పిపోయినవాడిలా.

"స్లిప్పుల సంగతి తెలిసింది బాబాయ్. నాకెందుకు చెప్పలేదు?"

"నీ మొహం ఏదీ దాచలేదు. ఓనరు ఒక్కసారి చూస్తే చాలు, నీ ఉద్యోగం అప్పుడే పోయేది," అన్నాడు నేల చూస్తూ.

ఇంతలో పెళ్ళికూతురు రిపోర్టు పట్టుకుని బయటికొచ్చింది. బాబాయిని చూడగానే మొహం విప్పారింది. "అవునట పెద్దాయనా!" అంది.

గంటసేపు గుక్క తిప్పుకోకుండా పోట్లాడగలిగిన మనిషి కుర్చీ ఒకటి లాగి, "కూర్చో తల్లీ," అన్నాడు.

"ఇక స్కానింగు చేయించాలట," అంది అత్తగారు. "రోడ్డవతల సెంటరులో అడిగాం. చాలా చెప్పారు. వచ్చే నెల చూద్దాంలే."

బాబాయి మెడ మెల్లగా రోడ్డు వైపు తిరిగింది.

"స్కానింగుకి కూడా పట్టికలో ధర ఉంటుంది కదూ?" అన్నాడు నాతో.

"ఉంటుంది బాబాయ్."

"మీరు పది నిమిషాలు ఇక్కడే కూర్చోండమ్మా," అని వాళ్ళకు చెప్పి బయల్దేరాడు. కౌంటరు టెక్నీషియన్‌కు అప్పగించి, నేనూ చెప్పులు వేసుకుని ఆయనతో పాటు రోడ్డు దాటాను.