సునీతకు ఇవ్వని ఆదివారం

2018 వర్షాకాలం. రాయగడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డుకు నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. ఎవరు ఏ పూట పనిచేయాలి, ఎవరికి ఎప్పుడు సెలవు అన్నది రాసే కాగితాన్ని డ్యూటీ రోస్టర్ అంటాం. అది రాసేది నేనే.

ఆ నెల మలేరియా కేసులతో మంచాలు చాలక వరండాలో కూడా పరుపులు వేశాం. నా కింద ఉన్న నలుగురు నర్సుల్లో ఒకామె పురుటికి వెళ్లింది, ఒకామె జ్వరంతో పడుకుంది. మిగిలిన ఇద్దరిలో సునీత చురుకైనది. తను ఇంజెక్షన్ చేస్తే నొప్పి తెలియదని రోగులు తన కోసమే చూసేవారు. ఖాళీ పడిన ప్రతి పూటా తన పేరే రాశాను.

శనివారం మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, రేపొక్క ఆదివారం వొదిలెయ్యవా? పన్నెండు రోజులయింది. మెట్లెక్కుతుంటే కాళ్లు తేలిపోతన్నాయి. ప్రార్థనకెళ్లొచ్చి పడుకుంటాను. ఇంకేటీ అడగను."

"ఇంకో రెండ్రోజులు ఓర్చుకో అమ్మీ. నువ్వు లేకపోతే వార్డు నడవదు."

మెచ్చుకున్నాననే అనుకున్నాను. "సరే అక్కా" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఏడో మంచంలోని షుగర్ రోగి, మరుగుదొడ్డికి దగ్గరగా ఉంటానని అడిగింది. ఆమెను తొమ్మిదో మంచానికి పంపి, అక్కడున్న చిన్నమ్మ అనే రోగిని ఏడుకు తెచ్చాం. చిన్నమ్మకు మలేరియా. వాంతులతో సరిగా తినడం లేదు.

మందు ఇచ్చేముందు రోగి చేత పేరు చెప్పించుకుని చీటీతో సరిచూడాలి. కొత్త నర్సులకు ఈ పాఠం నేర్పేది సునీతే. ఆదివారం పొద్దున మాత్రం మంచం నంబరు చూసింది, పేరు అడగలేదు. షుగర్ రోగికి ఇవ్వాల్సిన ఇన్సులిన్ చిన్నమ్మకు ఇచ్చింది.

కాసేపటికి చిన్నమ్మకు చెమటలు పట్టాయి, మాట తడబడింది, స్పృహ పోయింది. మలేరియా మెదడుకెక్కిందని అందరం అనుకున్నాం. విలువైన సమయం అక్కడే పోయింది. చివరికి గ్లూకోమీటర్‌తో, అంటే రక్తపు చుక్కతో షుగర్ చూసే చిన్న మిషన్‌తో, పరీక్షించాను. అంకె కూడా చూపించలేనంత తక్కువ. సునీత ట్రే వైపు చూసింది.

"అక్కా... ఏడుకి ఇన్సులిన్ నేనిచ్చేను."

గ్లూకోజ్ ఎక్కించాం. చిన్నమ్మ కళ్లు తెరిచింది గానీ, అంతసేపు షుగర్ అందక మెదడు దెబ్బతింది. ఆ కళ్లు ఎవరినీ గుర్తుపట్టలేదు.

ఆమె భర్త అప్పలరాజు జేకేపూర్‌లో దర్జీ. "నిన్న నాతో మాటాడింది సిస్టరమ్మా. బడికెళ్లేటప్పుడు పిల్లకి జడలు ఎవులేస్తన్నారని అడిగింది. ఇప్పుడేటి పలకదు?" అన్నాడు.

"ఆ నర్సును తీసేస్తే సరిపోతుంది. మధ్యలో మీరెందుకు?" అన్నాడు మేనేజరు. జరిగినదాని మీద రాసిన రిపోర్టుకు, సునీతకు ఒక్క సెలవూ లేని ఆ రోస్టర్‌ను నేను జతచేశాను. తర్వాత అప్పలరాజును కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. తలొంచుకుని అంతా విన్నాడు.

"ఆ అమ్మి సెలవడిగిందా?"

"అడిగింది."

"మరేల ఇయ్యలేదు?"

ఆయన లేచి వెళ్లి, భార్య నోటి పక్క కారుతున్న చొంగను తువ్వాలుతో తుడిచాడు.

చిన్నమ్మ మళ్లీ మాట్లాడలేదు. ఎనిమిది నెలలకు పోయింది. నన్ను రెండు నెలలు పక్కన పెట్టి మళ్లీ తీసుకున్నారు. సునీతను తీసేశారు. ఆ తర్వాత తను ఏ ఆస్పత్రి గడపా తొక్కలేదు. ఒకసారి నేను ఫోన్ చేస్తే, "ఇప్పుడు కావలసినంత ఖాళీ అక్కా. కన్ను మూస్తే ఆవిడే కనపడతంది," అంది.

ఇప్పుడు రోస్టర్‌లో ముందు సెలవులు రాసి, తర్వాతే డ్యూటీలు రాస్తాను. మనుషులు చాలకపోతే మంచాలు ఖాళీగా ఉంచుతాను. డాక్టర్లు అరుస్తారు, పడతాను. నేనూ ఆదివారం ఇంట్లోనే ఉండి, మధ్యాహ్నం తలుపు వేసుకుని పడుకుంటాను. ఏళ్ల తరబడి ఒక్క సెలవూ పెట్టలేదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఏ నర్సయినా ఆ మాట అంటే, చేతిలోని ట్రే తీసుకుని ఇంటికి పంపేస్తాను.