తొక్కు డబ్బాలో దంతాలు

పొద్దున లేవగానే ఇవాళ ముందు ఎవరికి భయపడాలో తేల్చుకుని గానీ పళ్ళు తోముకోని రోజులు నాకు కొన్ని ఉన్నాయి. హైదరాబాద్‌లో దంతవైద్యం పీజీ చదువుతూనే మరో కాలేజీలో పరిశోధన డిగ్రీలో కూడా చేరాను (ఎందుకే అని అమ్మ అడిగింది, జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను). అక్కడొక మేడమ్, ఇక్కడొక మేడమ్. ఒకామె ఎదుట పేషెంటు నోట్లోకి చూస్తూ, రెండో ఆమె అడగబోయే ప్రశ్నలకు లోలోపల జవాబులు వల్లెవేసేదాన్ని.

నా పరిశోధన పళ్ళలో నింపే సిమెంటు గురించి. దానికి పీకేసిన నిజం పళ్ళు కావాలి. కాలేజీలో పన్ను ఊడిందంటే చాలు, నాకన్నా ముందే సీనియర్లు చెయ్యి చాపేవారు. చివరికి నారాయణఖేడ్‌లో పళ్ళ డాక్టరైన మా చిన్నమామ ఆదుకున్నాడు. ఒప్పుకున్న పేషెంట్ల పళ్ళన్నీ మందునీళ్ళలో దాచిపెట్టి, అత్తమ్మ పచ్చడి ఖాళీ చేసిన తొక్కు డబ్బాలో పోసి ఇచ్చాడు. అవి ఎండితే పనికిరావని, ఇంకోసారి గడువు అడిగితే ఊరుకోనని పరిశోధన మేడమ్ ముందే చెప్పి ఉంది. అందుకని డబ్బాను తువ్వాలలో చుట్టి, పసిపాపను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాను.

పక్కన మనూరు దిక్కు అవ్వ ఒకామె కూర్చుంది. మెడలో చిన్న సిలువ, కూతురింటికి ప్రయాణం. డబ్బా మూత చూసి ఏం తొక్కు బిడ్డా అంది. డబ్బాను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. ఉసిరి తొక్కేనా అంటే తల ఊపాను. ఊరు దాటాక బర్రె అడ్డమొచ్చి డ్రైవర్ గట్టిగా బ్రేకు వేశాడు. డబ్బా ఒళ్ళోంచి ఎగిరి పడింది, మూత ఊడింది, మనుషుల పళ్ళు బస్సంతా దొర్లాయి.

వెనక సీటాయన మెల్లగా "బానామతి" అన్నాడు. చేతబడికి మా దిక్కు పేరది. చిన్నప్పుడు ఆ మాట వినపడితే నాయనమ్మ మమ్మల్ని లోపలికి లాగి తలుపేసేది. ఆ అనుమానం ఎవరి మీద పడిందో వాళ్ళను ఏం చేశారో పెద్దవాళ్ళు గుసగుసగా చెప్పుకోవడం విన్నాను. ఇప్పుడు బస్సంతా నావైపే చూస్తోంది. ఎవరో ఆపమన్నారు, బస్సు ఆగింది. దిగి పరుగెత్తుదామా అనుకున్నాను (ఆ పళ్ళు వదిలి మేడమ్ దగ్గరికి ఏ మొహంతో పోను).

కండక్టరమ్మ వచ్చి ఇవేందని నిలదీసింది. అంత భయంలోనూ నాకు పుస్తకం మాటే వచ్చింది: "పరిశోధన కోసం."

చర్చికి పోయే అవ్వకు శోధన అంటే సైతాను పెట్టేదే. "శోధనలు మాకూ ఉన్నయ్ బిడ్డా," అంది. "గని గిట్ల పండ్లు ఏస్కోని తిరుగుతమా?"

నేను పళ్ళ డాక్టర్నని, ఇంకా చదువుతున్నానని చెప్పాను. ఉసిరి తొక్కని తల ఊపిన పిల్లను ఎవరు నమ్ముతారు? అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "గట్లయితే నాకేమైందో చెప్పు," అని నోరు తెరిచింది.

ఫోన్ లైటు పట్టుకున్నాను. వెలుతురు ముందు ఆమె ముక్కు మీద, చెవి మీద పడి, ఎట్లాగో నోట్లోకి చేరింది. ఎడమ కింది దవడ పన్ను లోపలిదాకా పుచ్చి ఉంది. "చల్లనీళ్ళు తాగితే చెవి దాక గుంజుతదా అవ్వా?"

ఆమె నోరు మూసుకుని బస్సులోని జనం వైపు తిరిగింది. "డాక్టరే. ఇగ నడువనియ్యున్రి."

కండక్టరమ్మ అందర్నీ కాళ్ళు పైకెత్తమని, తువ్వాల అడ్డం పెట్టుకుని నాతోపాటు పళ్ళు ఏరింది. బానామతి అన్నాయన నా సీటు దగ్గరికొచ్చి నోరు తెరిచాడు. ఆయన వెనక ఇంకొకామె. సంగారెడ్డి వచ్చేదాకా నాకు కూర్చునే వీలు చిక్కలేదు.

పరిశోధన మేడమ్ ఆ ఎండి, దుమ్ము పట్టిన పళ్ళను చూసి, పారేసి మళ్ళీ తెచ్చుకోమంది. కళ్ళు తిరుగుతాయనుకున్నాను, తిరగలేదు. సరేనని బయటికొచ్చి చిన్నమామకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వడం ఆపి మాట్లాడేసరికి చాలాసేపు పట్టింది.

రెండు డిగ్రీలూ ఎట్లాగో పూర్తయ్యాయి. ఇప్పుడు ఇంటికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడల్లా, తువ్వాల మూట మీద రెండు చేతులూ వేసి, ఎవరూ పలకరించకపోతే చాలని మొక్కుకునే ఆ పిల్ల, అప్పటి నేనే, గుర్తొస్తుంది. ఆ పిల్ల పక్కన కూర్చుని, రోజూ పేషెంట్లతో అనే మాటే మెల్లగా అనాలనిపిస్తుంది: నోరు తెరువమ్మా, ఏం కాదు.