ఆమె అన్నది దుమ్ము

ఆ రోజు పొద్దున్నుంచే గాలి ఆడలేదు. కంప్లి కాలువ కింద మాకున్న మడిలో రెండో పంట కోత జరుగుతోంది. ఎండ ముదరకముందే కట్టలు గట్టుకు చేర్చాలని కూలీలూ నేనూ తొందరపడుతున్నాం. ఫోను మోగితే కొడవలి చంకన పెట్టుకుని తీశాను. చోరనూరు నుంచి మా బావ.

"అమ్మ పోయిందప్పా. ఊపిరాడలా. మంచం మీద కూర్చోబెడితే కూర్చున్నట్టే పోయింది" అన్నాడు.

కోత కూలీలకు అప్పజెప్పి బస్సెక్కాను.

పోయినది మా మేనత్త. మీలో కొందరు ఆమెను చూసే ఉంటారు. గనుల జోరు మొదలైన కొత్తలో ఒక దినపత్రిక జిల్లా పేజీలో ఆమె ఫొటో వేసింది. నడుముకు పత్తి ఒడి కట్టుకుని, కళ్లు చిట్లించి చేనిగట్టు మీద నిలబడి ఉంటుంది. ఆ ఫొటో కింద రాసినది అబద్ధం. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆమె మీది ప్రేమ ఒక కారణం, ఆ అబద్ధం ఒక కారణం. రెండోదే పెద్దదేమో.

మేనత్త మిషను బడిలో తెలుగు చదువుకుంది. బళ్లారి జిల్లా పల్లె కాబట్టి కన్నడం ఊర్లోనే పట్టుబడింది. సాయంత్రం పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్లు ఆమె ఇంటి ముందు బండ మీద కూర్చుంటే, టీ అంగడి నుంచి తెప్పించిన కన్నడ పేపరును తెలుగు చేసి చదివేది. ప్రతి వార్త చివరా 'అంట' చేర్చేది. తాను కళ్లతో చూసిన సంగతికి మాత్రం ఆ మాట తగిలించేది కాదు. "మంత్రి వచ్చిపోయినాడంట. రోడ్డు వేస్తారంట. పాదిరిగారి ఆవు ఈనింది" అని అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేది.

తాలూకా ఊర్లోని సహకార బ్యాంకు గురించి పుకార్లు లేచినప్పుడు పేపరు పెద్ద అక్షరాలతో 'ఢోకా లేదు' అని వేసింది. మా చర్చి సంఘం ఆడవాళ్లు దాచుకున్నదంతా అందులోనే ఉంది.

"ఢోకా లేదంట" అని చదివింది మేనత్త.

"అంట ఏందక్కా? అచ్చులో వేసినారు గదా!" అంది పక్కింటామె.

"వేసినారు. వేసినోడు వాని దుడ్డు యాడ పెట్టుకున్యాడో అది వెయ్యలా."

అందరూ నవ్వారు. కొన్నాళ్లకు బ్యాంకు షట్టరు దిగింది. జనం తొందరపడి ఎగబడటం వల్లే బ్యాంకు కూలిందని ఈసారి పేపరు రాసింది. మేనత్త అది కూడా చదివి, "మనమే కూల్చినామంట" అంది. బండ మీద ఎవరూ నవ్వలేదు. అప్పటి నుంచి ఊర్లో దానికి అంటపేపరు అని పేరు పడిపోయింది. టీ అంగడిలో మగవాళ్లు కూడా "అంటపేపరు వచ్చిందేమప్పా?" అని అడిగేవాళ్లు.

ఆమె అనుమానాలన్నీ నిజమయ్యాయని చెప్పను. తుపాను వస్తోందని రాస్తే "వస్తాదంట" అని పత్తి ఆరుబయటే వదిలేసింది. తుపాను వచ్చింది, పత్తి నానిపోయింది. ఆ వారమంతా పేపరు ముట్టలేదు. తప్పు ఒప్పుకునే రకం కాదు.

తర్వాత చోరనూరు దారిలో ఇనుప ఖనిజం లారీలు మొదలయ్యాయి. పైన టార్పాలిన్ పట్టా కప్పేవాళ్లు కాదు. రోడ్డు పక్కనే మేనత్త చేను. ముందు ఆకులు ఎర్రబడ్డాయి. తర్వాత పిందె రాలింది. చివరికి పగిలిన కాయల్లో దూది ఇటుకపొడి రంగుకు తిరిగింది. వ్యాపారి దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

అప్పుడు వచ్చాడు విలేకరి. ఇస్త్రీ చొక్కా. వచ్చింది గనులవాళ్ల జీపులో. "ఏనాయ్తమ్మా బెళెగె?" అని అడిగాడు, పైరుకు ఏమైందని.

మేనత్తకు కోపం వస్తే కన్నడం రాదు. "దుమ్మప్పా, దుమ్ము! ఇంట్లో దుమ్ము, కూట్లో దుమ్ము, చేన్లో దుమ్ము. దుమ్ముతోనే సస్తాండాము" అంది.

కన్నడంలో దుమ్మును ధూళు అంటారు. దమ్ము అంటే ఉబ్బసం. మర్నాటి పేపర్లో 'వాతావరణ మార్పు కాటు: మాడిన పత్తి' అని వచ్చింది. వానలు తప్పి, ఎండలు ముదిరి పైరు పోయిందనీ, దమ్ము జబ్బుతో ఉన్న ఈ రైతు మహిళ చేను చూసుకోలేకపోతోందనీ రాశారు. లారీ అన్న మాట ఎక్కడా లేదు. ఆ పేజీలో రంగులు వేయరు కాబట్టి ఎర్ర దూది కూడా ఫొటోలో మామూలు దూదిలాగే ఉంది.

విలేకరికి తెలుగు అర్థం కాలేదని కొందరు అంటారు. ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాడికి దుమ్ము అంటే తెలియదంటే నేను నమ్మను. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. అచ్చులో మళ్లీ ఒకసారి ఆమె పక్కన ఆయన ఉండకూడదు.

ఆ సాయంత్రం మేనత్త బండ మీద కూర్చుని ఆ వార్త మొత్తం చదివింది.

"నాకు దమ్మంట."

"పోనీలే ఒదినా" అన్నారెవరో.

"యాడికి పోనీ? నాకు దమ్ము ఉండాదని రాసినాడు గదా, ఉండాదో లేదో చూపిస్తా పా. వానలు తప్పినాయి, ఎండలు పెరిగినాయి, అది నాకు తెల్దా? ఆ ఎండలోనే గదా పత్తి ఏరేది. ఎండ పేరు చెప్పి లారీని దాచిపెడితే ఊరుకుంటానా? ఎండకు దూది ఎర్రగయితాదా?"

పరిహారం అడగడానికి తాలూకా కచేరీకి పోతే గుమాస్తా ఆ పేపరు ముక్కే బయటికి తీశాడు. "నువ్వే చెప్పినావు గదమ్మా, ఎండకు పోయిందని" అన్నాడు. దుమ్ము వల్ల అని ఒక్క ప్రభుత్వ కాగితంలో రాయించాలని ఆమె అక్కడికి ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. ఎవరూ రాయలేదు.

సంత రోజున ఆ ఎర్ర పత్తి గోతానికి ఎత్తుకుని మేనత్తా నేనూ సండూరు బస్టాండుకు పోయాం. విలేకరి హోటలు ముందు స్నేహితులతో నిలబడి కాఫీ తాగుతున్నాడు. మేనత్త గోతాం మూతి విప్పి, ఆయన తల మీద బోర్లించి బాగా దులిపింది. చొక్కా, కాఫీ, కళ్లద్దాలు అన్నీ ఎర్రగా అయ్యాయి.

"ఇదు ధూళు, సార్. ధూళు!" అని కన్నడంలో చెప్పింది. "ఇప్పుడన్నా తెలిసిందా? రాసుకోండి."

సంతంతా చూసింది. గోతాం రెండో కొస పట్టుకున్నది నేనే. అంత తృప్తి ఇచ్చిన పని నేను మళ్లీ చేయలేదు. ఆ వార్త మాత్రం ఏ పేపరూ వేయలేదు.

ఆ తర్వాత దగ్గు మొదలైంది. కొన్నేళ్లకు నిజంగానే ఉబ్బసం పట్టింది. ఎవరైనా ఇంటికి వస్తే దగ్గును మింగి, నీళ్ల చెంబు ఎత్తుకునేది. వాళ్లు పోయాక గోడ పట్టుకుని వంగిపోయేది.

"బళ్లారి పెద్దాస్పత్రికి పోదాం పా అత్తా" అన్నాను ఒకసారి.

"పోతే చీటీలో ఏం రాస్తారో నాకు తెలుసు అల్లుడా. దమ్మని రాస్తారు. వాడు రాసిందే నిజమయితాది."

"దుమ్ముతోనే వచ్చిందని మనం చెప్తాం గదా."

"ఒకసారి చెప్పినా గదా. ఏం రాసినారు?"

అది మొండితనమే, దానికి ఇంకో పేరు పెట్టను. వైద్యం చేయిస్తే ఇంకొన్నాళ్లు ఉండేది. కానీ ఆమెను ఆ మొండితనంలోకి నెట్టినవాళ్లున్నారు. మా పట్ల తప్పు చేసినవాళ్లను క్షమిస్తున్నామని ప్రతి ఆదివారం గుళ్లో అందరితో కలిసి అంటాను. నోరు కదులుతుంది, అంతే.

ఆమె పోయిన మర్నాడు శవపెట్టె ఎత్తే వేళకు అదే విలేకరి వచ్చాడు. జుట్టు నెరిసింది. "బిసిలిగా?" అని బావను అడిగాడు, ఎండకేనా అని.

"నన్నెందుకు అడుగుతాండారు సార్? జబ్బు మీరు అప్పుడే రాసేసినారు గదా. సావొకటే తక్కువుండె" అన్నాడు బావ.

మా సమాధుల తోట ఖనిజం రోడ్డుకు అవతల ఉంది. దారి మధ్యలో పెట్టె దించి, ఒక చరణం పాడి, భుజాలు మార్చుకోవడం మా సంఘంలో పాత అలవాటు. ఎప్పుడూ వేపచెట్టు నీడన దించుతాం. ఆ రోజు బావ రోడ్డు నడిమధ్యన దించమన్నాడు. రెండు వైపులా లారీలు ఆగాయి. చరణం అయిపోయింది.

"ఇంకోటి ఎత్తుకోండప్పా" అన్నాడు బావ.

పాట తర్వాత పాట. ఒక డ్రైవరు హారన్ కొట్టి, "ఎంతసేపమ్మా?" అని తల బయట పెట్టాడు.

"దిగొచ్చి నువ్వూ పాడు, బిరీన అయితాది" అంది పక్కింటామె.

గనులవాళ్ల మనిషి పూలదండతో జీపు దిగి, కాస్త పక్కకు జరపమని బావతో మెల్లగా చెప్పాడు. దండ అందుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు. ఎండగా ఉంది, ఇక ఎత్తుదామన్నారు పాదిరిగారు. "పుస్తకంలో ఇంకా పాటలుండాయి అయ్యగారూ" అన్నాడు బావ. నేను తర్వాతి పేజీ తిప్పాను. లారీల వరుస మలుపు దాటి పోయింది. ఇంజన్లు ఒకటొకటిగా ఆగాయి. దుమ్ము అణిగింది. గుట్ట మీది చెట్లు విడివిడిగా కనబడ్డాయి. అవి అంత స్పష్టంగా కనబడి చాలా ఏళ్లయింది.

గనులవాళ్ల మనిషి దండ జీపులోనే పెట్టుకుని మొదట వెళ్లిపోయాడు. విలేకరి పాట మధ్యలో వెళ్లాడు. పొద్దు వంగాకే పెట్టె ఎత్తి తోటకు చేర్చాం. పాదిరిగారు మట్టి వేయగానే వెళ్లారు. లారీలు పొద్దువాలాక కదిలాయి. బావ అందరికంటే ఆఖరున, దీపాలు పెట్టే వేళకు ఇంటికి వెళ్లాడు.