తెల్ల బంతిని ఆపడం

దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఉంటాం. నేను కాలనీ స్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి కోచింగ్ కోసం బ్రాడీపేట హాస్టల్లో చేరిన ఏడాది నా సాయంత్రాలు ఉన్నట్టుండి ఖాళీ అయిపోయాయి. మావారివి షిఫ్టు డ్యూటీలు. ఒకరోజు పుస్తకం తిరిగివ్వడానికి కాలనీ క్లబ్బు లైబ్రరీకి వెళితే పక్కగదిలో పూల్ బల్ల ఖాళీగా కనిపించింది. కర్రతో తెల్ల బంతిని కొట్టి, దాంతో రంగు బంతుల్ని బల్ల అంచుల్లోని గుంతల్లో పడేసే ఆట అది. ఆడవాళ్లు ఆ గదిలోకి రాకూడదని ఎక్కడా రాసి లేదు. ఎవరూ వెళ్లేవాళ్లు కాదు, అంతే.

నేను వెళ్లాను. వారం తిరిగేసరికి కర్ర పట్టుకోవడం వచ్చింది. కానీ ప్రతి బంతినీ పగబట్టినట్టు కొట్టేదాన్ని. ఫ్యాక్టరీలో రాళ్లు పిండిచేసే క్రషర్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కిటికీ పక్కన పేపరు చదువుతూ ఇదంతా చూసేవారు. క్రషర్ హోరుకి ఆయన చెవులు సగం పోయాయి. మామూలుగా మాట్లాడినా కేకేసినట్టే ఉంటుంది.

"అమ్మా! బంతి పడింది సరే. తెల్లది ఎటు పోయింది?"

గదిలో ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. తెల్లది బల్లంతా చుట్టి, ఇంకో బంతి కొట్టడానికి వీల్లేని మూలకు చేరింది.

మర్నాటి నుంచి ఆయనే నేర్పారు. పాత క్యాలెండర్ కాగితం బల్ల మీద పరిచి, నేను కొట్టాక తెల్ల బంతి దాని మీద ఆగాలన్నారు. ఆగడం మొదలయ్యాక కాగితాన్ని సగానికి మడిచారు. తర్వాత ఇంకో సగానికి. తెల్లదాన్ని నడుమ కొడితే తగిలినచోటే నిలుస్తుందని, కింద కొడితే వెనక్కి వస్తుందని చేతికి తెలియడానికి రెండు నెలలు పట్టింది.

ఒక సాయంత్రం నా విద్యార్థుల తల్లిదండ్రులు నలుగురు చూస్తుండగా "మళ్లీ కోపంగా కొట్టారు!" అని పెద్దాయన అరిచారు. తల కొట్టేసినట్టయింది. నాలుగు రోజులు క్లబ్బుకు వెళ్లలేదు. ఐదోరోజు స్కూలు వదిలే వేళకు ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"నా గొంతు నాకు వినపడదమ్మా. ఎక్కువైతే చెయ్యెత్తండి, తగ్గిస్తా."

ఆయన వంక చూడలేకపోయాను. "రేపు వస్తానండీ" అన్నాను.

ఆ తర్వాత ఆయన సేఫ్టీ అనే ఎత్తు నేర్పారు. ఈ ఆటలో ఒకరివి నిండు రంగు బంతులు, ఇంకొకరివి గీతల బంతులు; తమవన్నీ వేశాకే నల్లదాన్ని వేయాలి, అది ముందే పడితే ఓడినట్టే. మన బంతి పడే దారి లేనప్పుడు ఊరికే కొట్టి చూడకూడదు. తెల్లదాన్ని మన బంతుల చాటుకు చేర్చాలి. అప్పుడు ఎదుటివాళ్లకు తమ బంతి నేరుగా అందదు. వాళ్లు తమ బంతిని తాకలేకపోతే తెల్లది మన చేతికొస్తుంది, ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

క్లబ్బు పోటీల్లో నాకు ప్యాకింగ్ సెక్షన్ ఇంజనీరు ఎదురుపడ్డారు. చకచకా వేసేస్తున్నారు. ఆయనకు ఒక్క గీతల బంతి, ఆ తర్వాత నల్లది మిగిలాయి. నాకింకా నాలుగున్నాయి, ఒక్కదానికీ దారి లేదు. తెల్లదాన్ని నా బంతికి మెల్లగా తాకించాను. అది అంచును ముట్టుకుంది. తెల్లది నింపాదిగా దొర్లుకుంటూ నా రెండు బంతుల వెనక ఆగింది.

ఇంజనీరుగారు బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు. అంచుకు కొట్టి ప్రయత్నించారు, తగల్లేదు. నేను రెండు వేసి, తెల్లదాన్ని మళ్లీ దాచాను.

"ఇదేం ఆట మేడమ్? దాక్కోవడం కదా!" అంటూ నవ్వారాయన.

"దాక్కోవడం కూడా ఆటేనండీ" అన్నాను. 

ఆయనకు మళ్లీ తగల్లేదు. మిగిలిన రెండూ వేసి, నల్లదాన్ని కూడా వేశాను. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

తర్వాతి ఆటలో తొందరపడి నల్లదాన్ని ముందే పడేసి ఓడిపోయాను. బాధపడ్డాను గానీ ఇంటికొచ్చి అమ్మాయికి ఫోన్‌లో మొదట చెప్పింది గెలిచిన ఆట గురించే.

మరుసటి వారం కాలనీ డిస్పెన్సరీలో పనిచేసే నర్సమ్మ పూల్ గది గుమ్మంలోనే ఆగిపోయి, "నాకూ వస్తుందా అండీ?" అని అడిగింది. రమ్మన్నాను. కొంగు నడుముకు దోపుకుని మొదటి బంతినే ఎంత గట్టిగా కొట్టిందంటే అది ఎగిరి పేపరు చదివే బల్ల కింద పడింది. ఇద్దరం నేల మీద కూర్చుని వెతికాం.