గీతలమ్మ బాణం

గీతలమ్మ గీత గీసే ముందు మౌస్‌ను మూడుసార్లు అటూ ఇటూ విదిలిస్తుంది. కడిగిన చేతి తడి విదిల్చుకున్నట్టు. అలా విదిలించగానే స్క్రీన్ మీది బాణం ఒక్క క్షణం బొటనవేలంత లావవుతుంది. మళ్ళీ దోమంత అయిపోతుంది. ఆ ఒక్క క్షణం చూసుకుని ఆమె చెయ్యి కదిలిస్తుంది, నొక్కుతుంది. మళ్ళీ విదిలిస్తుంది.

"గీతలమ్మగారూ, ఆ ఎలుకని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి," అంటాడు పక్క కుర్చీ ఆయన.

"దానికి లేని బాధ నీకెందుకయ్యా?" అంటుంది ఆమె, తల తిప్పకుండా.

అది కొలతల ఆఫీసు. రెండో అంతస్తులో పొడుగాటి గది, పదకొండు బల్లలు. స్క్రీన్ల మీద వెలుతురు పడకుండా కిటికీ అద్దాలకు సున్నం పూశారు. పాత కాగితపు పటాలను ఫొటోలు తీసి స్క్రీన్ మీద పెడతారు. వాటి మీద ఇళ్ళ సరిహద్దుల్ని చుక్క చుక్కగా నొక్కుతూ మళ్ళీ గీయాలి. చుక్క వెంట్రుకవాసి జరిగితే ఒకరి గోడ ఇంకొకరి వాకిట్లోకి పోతుంది.

గీతలమ్మ పందొమ్మిదో ఏట ఆ గదిలోకి వచ్చింది. అప్పుడు కలం, సిరా, పలచటి మైనపు గుడ్డ. గుడ్డను పటం మీద పరిచి, ఊపిరి బిగబట్టి గీసేవాళ్ళు. తర్వాత కింద దీపమున్న గాజు బల్ల వచ్చింది. ఆ తర్వాత కంప్యూటరు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "నా గీత నేనే గీసుకున్నాను, పక్కింటి వాళ్ళకేం నష్టం?" అనేది. ఇప్పుడామెకు యాభై నాలుగు. తమ్ముడి ఇంట్లో వీధివైపు గది ఆమెది.

ఆ తమ్ముడి భార్యే ఆఫీసులో కంప్యూటర్లు చూసే మనిషి. నాలుగేళ్ళ కిందట ఆఫీసు కంప్యూటర్లన్నీ లినక్స్ అనే కొత్త సిస్టంకు మారినప్పుడు చేరింది. వదినా మరదళ్ళిద్దరూ పొద్దున ఒకే బస్సెక్కుతారు, సాయంత్రం ఒకే బస్సు దిగుతారు. మధ్యలో ఒకరినొకరు అనని మాట ఉండదు.

"మా తమ్ముణ్ణి బాగుచెయ్యడం నీ వల్ల కాలేదు, ఇంక కంప్యూటర్లేం బాగుచేస్తావే?"

"అవైతే ఆపేసి మళ్ళీ పెడితే మాట వింటాయి వదినా. మీ తమ్ముడికి ఆ మీట ఎక్కడుందో మీ అమ్మగారు చెప్పకుండానే పోయారు."

గొడవ కొత్త స్క్రీన్లతో మొదలైంది. పాతదాని పక్కన ఒక్కో బల్లకూ ఒక కొత్తది పెట్టారు. కొత్తదాంట్లో చుక్కలు మరీ సన్నం, మరీ దగ్గర. పటం అద్దంలా కనిపించింది గానీ అక్షరాలు చీమలైపోయాయి. మరదలు స్కేలింగును నూట యాభై శాతానికి పెంచింది. అక్షరాలు పెరిగాయి. కానీ పటాలు గీసే ప్రోగ్రాము పాతకాలపుది, స్కేలింగన్న మాటే దానికి తెలియదు. స్క్రీన్ మీద అది తెరుచుకునే కిటికీ మసకబారింది. బయట వేలంత ఉన్న బాణం ఆ కిటికీలోకి అడుగు పెట్టగానే దోమంత అయ్యేది. అంతకన్నా పెద్ద చిక్కు, సిస్టం ఆ బాణం బొమ్మను సాగదీస్తోంది గానీ నొక్కుడు తగిలే చోటును జరపడం లేదు. దాంతో మొన ఒకచోట ఉంటే చుక్క దానికి కాస్త ఎగువన, ఎడమన పడేది.

గది గుమ్మం దగ్గర ఫిర్యాదుల డబ్బా ఉంటుంది. చీటీ మీద బల్ల నంబరు, లోపం రాసి అందులో వెయ్యాలి. మొదటి వారంలో పది బల్లల నుంచి చీటీలొచ్చాయి. నాలుగో బల్ల నుంచి రాలేదు. అది గీతలమ్మ బల్ల.

"నీకేం ఇబ్బంది లేదా వదినా?"

"నాకా? మొనకి కాస్త అవతల నొక్కుతున్నా. చెయ్యి అలవాటు పడింది. నువ్వు పోయి ఏడ్చేవాళ్ళ కన్నీళ్ళు తుడువు."

మరదలు మురిసిపోయింది. ఇంటికెళ్ళి భర్తకు కూడా చెప్పింది, మీ అక్క చేతిలో ఉంది పనితనం అని.

నెల తిరిగేసరికి నాలుగో బల్ల గీసిన పటం షీటు, తప్పుల చుట్టూ ఎర్ర సున్నాలతో వెనక్కి వచ్చింది. ఇంకో పది రోజులకు రెండోది. ముప్పై అయిదేళ్ళలో ఆమె షీటు వెనక్కి రావడం అదే మొదలు. మూడు షీట్లు వరసగా తిరిగొస్తే కుర్చీ మారుస్తారు. అంటే కింద రికార్డుల గది. కట్టలు విప్పడం, దుమ్ము దులపడం, కట్టలు కట్టడం. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ పైకి రాలేదు. మూడో షీటు సోమవారం ఇవ్వాలి.

మరదలు ఆ రెండు షీట్లనూ తెరిచి చూసింది. కొన్ని చుక్కలు ఎడమకు పోయాయి, కొన్ని కుడికి, కొన్ని కిందికి. ఒకచోట మూల మొత్తం ఎగిరిపోయింది. బాణం తప్పయితే చుక్కలన్నీ ఒకే వైపు జరగాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినదాన్ని పక్కన పెట్టి, "ఇది బాణం పనే," అని ఇంట్లో గట్టిగా చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఆఫీసుకు వెళ్ళారు. కాపలా మనిషి తాళం తీసి, మళ్ళీ తన పేపరు తెరుచుకుంది. గదిలో పదకొండు బల్లలు, ఇరవై రెండు నల్లటి స్క్రీన్లు.

మరదలు పనిలో పడింది. బాణాల బొమ్మల్లో నిజంగా పెద్ద సైజువి ఉన్న కట్టను నెట్‌లో వెతికి దించుకుంది. ప్రోగ్రాము తెరుచుకునే ముందే చదువుకునే ఫైలులో బాణం పేరు, సైజు రెండు వరసల్లో రాసింది. కంప్యూటర్లోంచి లాగౌట్ అయి, మళ్ళీ లాగిన్ అయింది. బాణం ప్రోగ్రాము కిటికీ అంచు దాటింది. చిన్నదవలేదు. మొన మీద నొక్కితే చుక్క సరిగ్గా మొన కిందే పడింది. పదిసార్లు నొక్కింది, పదిసార్లూ అక్కడే పడింది. రెండు నెలలుగా పట్టుకోలేని లోపం అది.

"వదినా, రా! కొబ్బరికాయ కొట్టాల్సిన పని చేశాను."

"అంత పెద్ద బాణమా? దీంతో పటం గీయాలా, పందిని కొట్టాలా?"

"ముందు కూర్చో."

గీతలమ్మ కూర్చుంది. మూడుసార్లు విదిలించింది. గీయడం మొదలుపెట్టింది.

మరదలు కిటికీ దగ్గరికి వెళ్ళి సున్నం గీకిన చిన్న సందులోంచి వీధి చూసింది. వీధిలో ఒకడు గేటుకు రంగు వేస్తున్నాడు. వెనక విదిలించిన చప్పుడు, నొక్కిన చప్పుడు. విదిలించిన చప్పుడు, నొక్కిన చప్పుడు. అరగంట తర్వాత వచ్చి భుజం మీంచి చూసింది.

చుక్కలన్నీ గీతకు కుడివైపు, కిందికి పడి ఉన్నాయి. ఒక్కటీ గీత మీద లేదు.

"మొనకి అవతల నొక్కుతున్నావు వదినా. ఇప్పుడక్కర్లేదు. మొన మీదే నొక్కు."

"అలాగే."

మళ్ళీ విదిలించింది. నొక్కింది. చుక్క మళ్ళీ కుడివైపు, కిందికి పడింది.

"మొన మీద, వదినా. మొన చూడు."

"చూస్తూనే ఉన్నా."

మరదలు చెయ్యి చాచి, మౌస్ మీదున్న ఆమె చేతిని మెల్లగా ఆపింది. బాణం స్క్రీన్ మధ్యలో ఆగింది. నల్లగా, చూపుడువేలంత ఉంది.

"ఇప్పుడు బాణం ఎక్కడుంది?"

"ఇదేం పరీక్ష?"

"చూపించు వదినా."

గీతలమ్మ వేలెత్తి అద్దాన్ని తాకింది. "ఇదిగో."

వేలికీ బాణానికీ మధ్య జానెడు దూరం ఉంది.

మరదలు ఆ వేలిని పట్టుకుని బాణం దాకా జరిపింది. పెద్దామెకు తెలిసిపోయింది. వేలు దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎప్పట్నుంచి?"

"కొత్త స్క్రీన్లు రాకముందు నుంచే. ఏడాదిన్నర అవుతుంది."

"డాక్టరుకి చూపించావా?"

"ఇద్దరికి. కంటి లోపల పొరేదో ఎండిపోతోందట. నడిమి చూపు పోతుంది, అంచు చూపు ఉంటుంది. గోడ కనిపిస్తుంది. గోడ మీద గడియారం కనిపించదు. దేన్ని చూద్దామనుకుంటే అదే ఉండదు, దాని పక్కనున్నది ఉంటుంది."

"మందు?"

"పోయింది రాదన్నారు. ఉన్నది ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు. మొహమాటం లేని మనుషులు."

"మాకు చెప్పలేదేం?"

"చెబితే ఏం చేస్తావు? అక్షరాలు పెద్దవి చేస్తావు." ఆమె నవ్వబోయి మానేసింది. "బాణం విదిలిస్తే లావవుతుంది కదా, అప్పుడు కంటి అంచుకి తగులుతుంది. ఎక్కడుందో పట్టుకుని, అక్కణ్ణుంచి చేతి లెక్కన వెళ్ళేదాన్ని. మొనకి ఇంత అవతల అని చేతికి తెలుసు. నువ్వు దాన్ని సరిచేశావు. ఇప్పుడు చేతికి ఏమీ తెలియదు."

మరదలు కుర్చీ లాక్కుని కూర్చుంది. బాణాన్ని ఇంకా పెద్దది చేసింది. అది గీతనే కప్పేసింది. ఎరుపు పెట్టింది, పసుపు పెట్టింది. స్కేలింగు రెండు వందలు చేసింది. పటంలో ఒక ఇంటి మూల తప్ప ఇంకేమీ పట్టలేదు. బాణం తీసేసి, స్క్రీన్ నిండా నిలువుగా ఒకటి అడ్డంగా ఒకటి గీతలు పెట్టింది. అవి కలిసే చోటు ఎప్పుడూ చూపు మధ్యలోనే పడింది, అక్కడే ఏమీ లేదు. ప్రతిసారీ, "ఇప్పుడో?" అని అడిగింది. ప్రతిసారీ వదిన, "ఊఁహూఁ," అంది. ఇంక మార్చడానికి ఏ సెట్టింగూ మిగల్లేదు.

"పాత లోపమే మళ్ళీ పెట్టేస్తాను," అంది చివరికి. "ఎప్పటిలాగే గీద్దువు."

పెట్టింది. గీతలమ్మ విదిలించి, పది చుక్కలు నొక్కింది. ఎనిమిది గీత మీద పడ్డాయి. రెండు పడలేదు.

"ఆ రెండూ ఎటు పోయాయి?"

మరదలు దగ్గరికి జరిగి చూసింది. "ఒకటి వీధిలోకి. ఇంకొకటి పక్కవాళ్ళ బావి దాటి."

"అంటే బావి వీళ్ళకొచ్చింది."

"వచ్చింది."

గీతలమ్మ కంప్యూటరు ఆపేసింది. ఆ మీట ఎక్కడుందో ఆమె చేతికి బాగా తెలుసు.

సోమవారం ఉదయం మూడో షీటు ఎలా ఉందో అలాగే వెళ్ళింది. మధ్యాహ్నానికి ఎర్ర సున్నాలతో వెనక్కి వచ్చింది. సూపరింటెండెంటు మరదల్ని తన గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. ఎప్పుడో గీతలమ్మ దగ్గరే పని నేర్చుకున్నాడు.

"చూడమ్మా, ఆవిణ్ణి కిందికి పంపడానికి నాకు చేతులు రావడం లేదు. లోపం యంత్రానిదని నువ్వు రాసిచ్చావనుకో, ఈ మూడు షీట్లూ లెక్కలోంచి కొట్టేస్తాను. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. యంత్రందేనా?"

"యంత్రందే సార్."

"అయితే రాయి."

మరమ్మతుల పుస్తకంలో మూడు గళ్ళుంటాయి. లోపం, కారణం, చేసిన పని. కారణం గడిలో మరదలు, 'బాణం మొనకూ నొక్కుడుకూ తేడా' అని రాసింది. ఆ తేడా ఉన్నమాట నిజం. చుక్కలు తప్పినది దానివల్ల కాదు. సంతకం పెడుతుంటే కలం రెండుసార్లు ఆగింది.

సాయంత్రం బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి.

"ఏం రాశావే?"

"రాయాల్సింది రాశాను."

"యంత్రం మీద తోశావు."

"మూడు షీట్లు కొట్టేశారు వదినా. ఇంకో మూడు షీట్ల దాకా ఎవరూ అడగరు. ఈలోగా ఏదో ఒకటి చూద్దాం."

"ఏం చూస్తావు?"

బస్సు మలుపు తిరిగింది. గీతలమ్మ కిటికీలోంచి వీధిని చూస్తూ ఉంది. తల కాస్త పక్కకు తిప్పి, కంటి అంచుతో. అలా చూడటం ఏడాదిన్నరగా తన ఎదురుగానే జరుగుతోందని మరదలికి అప్పుడు తట్టింది. దాన్ని ఇంట్లో అందరూ వదిన పొగరు అనుకున్నారు. తనూ అనుకుంది.

"అయితే ఆ బావి?" అంది గీతలమ్మ.

"ఏ బావి?"

"పక్కవాళ్ళది."

"దాన్ని నేను సరిచేసి పంపిస్తాలే."

"ఇవాళ్టి బావి సరిచేస్తావు. రేపటిదో?"

ఆ రాత్రి తమ్ముడు, "ఏమైందక్కా, మాట్లాడవేం?" అని అడిగాడు. "మీ ఆవిడ మొత్తం మాట్లాడేసింది, నాకేమీ మిగల్చలేదు," అంది ఆమె. అతను నవ్వి ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున గీతలమ్మ ముందు బస్సుకే వెళ్ళిపోయింది. మరదలు ఆఫీసుకు చేరి, రోజూలాగే గుమ్మం దగ్గర డబ్బా తెరిచింది. ఒకే ఒక చీటీ ఉంది. బల్ల నంబరు నాలుగు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి గానీ వరసలు గడి దాటి బయటికి పోయాయి, రెండో వరస మొదటిదాని మీదికి ఎక్కింది. 'యంత్రంలో లోపం లేదు. నాకు బాణం కనిపించదు.'

సూపరింటెండెంటు తలుపు తెరిచే ఉంది. బల్ల మీద అలాంటిదే ఇంకో చీటీ, ఆయన చేతికింద.

మరదలు బల్లలున్న గదిలోకి చూసింది. నాలుగో బల్ల దగ్గర గీతలమ్మ నిలబడి ఉంది. రెండు స్క్రీన్లూ తుడిచింది. కుర్చీని బల్ల కిందికి తోసింది. తడుముకుని మౌస్ అందుకుంది, విదిలించలేదు. తర్వాత వచ్చేవాళ్ళ చేతికి అందేలా కుడివైపు పెట్టి, గోడ పట్టుకుని రికార్డుల గదికి దిగే మెట్ల వైపు నడిచింది.