ముందు నడిచే గౌరవం

కార్వేటినగరం దగ్గరి ఒక పల్లెలో పంచర్ల కొట్టు నడిపే పెద్దాయన ఒకరు నాకు తెలుసు. ఆయన పూర్వీకుడు పాలెగాని ఇంట్లో బానిస. యుద్ధంలో యజమాని కంటే ముందు నడిచి ఈటె పోటుకు చచ్చిపోయాడట. అందుకే అతని గుర్తుగా నాటిన రాయి, వీరగల్లు దాకా ఏటా సాగే ఊరేగింపులో ఆ బానిస వంశం వాడే కత్తి పట్టుకుని ముందు నడవాలి. అది గౌరవమని ఊరంతా అంటుంది. చచ్చినవాడి స్వామిభక్తికి సాక్ష్యం చెప్పేది బతికిన యజమానులే కదా అని నేను మండిపడేవాణ్ణి.

పెద్దాయన నాతో వాదించేవాడు కాదు. కత్తి పట్టుకుని నడుస్తూ మాటిమాటికీ వెనక్కి చూసేవాడు, అంతే.

నిరుడు పాలెగాని వంశపు దొర విసుక్కున్నాడు. "ఏమప్పా, ఎనకాల దెయ్యముండాదా? ముందరికి సూడు, ఫోటో చెడిపోతాది."

పెద్దాయన ఆగిపోయాడు. "మా ముత్తాతకు ముందర శత్రువుల ఈటెలు, ఎనకాల మీవోళ్ల ఈటెలు సామీ. ఆయప్ప యాడికి పోతాడు?"

డప్పులు ఆగాయి. పంచర్ల కొట్టు ఉన్నది దొర స్థలంలోనే.

"రేపట్నించి కొట్టు తెరవాలని ల్యాదా?" అన్నాడు దొర.

పెద్దాయన కత్తిని దొర వైపు చాచాడు. "ఈ తూరి మీరు ముందర నడవండి సామీ. గౌరవమే కదా!"

"నేనా? నేను నడవను."

"సూసినారా, వద్దనేదానికి మీకు వీలుండాది. మా ముత్తాతకు అదొక్కటే ల్యాకపోయె."