కాగితానికి రెండో వైపు

ఆదివారంలోగా గదులు ఖాళీ చెయ్యమని ఇంటి ఓనరు మేడెక్కి వచ్చి చెప్పినప్పుడు నేను బెండకాయలు తరుగుతున్నాను. కొడుక్కి పెళ్ళి కుదిరిందట, ఈ రెండు గదులూ కావాలట. కదలకపోతే నీళ్ళు, కరెంటు ఆపేస్తానన్నాడు. నర్సు పని చేసే మా అమ్మాయి ఆ పూట ఆసుపత్రిలో ఉంది. మనవరాలికి పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు నెలలోకి వచ్చాయి. ఆ పిల్ల పుస్తకాలు మూటగట్టుకుని మేముండే వసంత్ కుంజ్ వెనక గల్లీలన్నీ ఇంటి కోసం తిరగాలా? తిరగనివ్వకూడదనుకున్నాను.

రెండు నెలల ముందు చెప్పాలని అగ్రిమెంటులో రాసుకున్నట్టు మా అమ్మాయికి గుర్తు. ఆ కాగితాలు మాత్రం దొరకలేదు. బీరువా మొత్తం మంచం మీద కుమ్మరించింది. ఓనరు ఆ సంగతి పసిగట్టి, "ఏ అగ్రిమెంట్, దీదీ?" అన్నాడు.

"నీకు కాగితమంటే లెక్కలేదే. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని, రేషను కార్డు ముప్పై ఏళ్ళు దాచాను" అని దాన్ని తిట్టాను. అది మంచం మీది బట్టలు మళ్ళీ బీరువాలో సర్దింది.

కోర్టులో ఉచితంగా వకీలును ఇస్తారని మా చర్చిలో ఒకావిడ చెప్పింది. నాకు గురి కుదరలేదు. ఊరికే వచ్చే మందు తేదీ దాటిపోయి ఉంటుంది. అయినా మర్నాడే ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సెక్కి ఇద్దరం వెళ్ళాం. అమ్మాయి జీతం చీటీ తీయబోతే కిటికీ అవతలావిడ వద్దంది.

"ఆడవాళ్ళయితే చాలు అమ్మాజీ. జీతం ఎంతని అడగం."

లోపల వకీలు పాతికేళ్ళ పిల్ల. మాట మాత్రం గట్టిది. "కోర్టు ఆర్డరు లేకుండా మిమ్మల్ని దింపలేడు, నీళ్ళూ ఆపలేడు. అగ్రిమెంట్ ఉంటే మన పని ఇంకా తేలిక" అంది.

"పోయింది మేడమ్" అంది మా అమ్మాయి.

ఠీక్ హై అని ఆ పిల్ల అర్జీ రాయడం మొదలుపెట్టింది. ఒక వైపు నిండగానే కొత్త కాగితం లాగింది. నేను ఊరుకోలేకపోయాను.

"వెనక ఖాళీగా ఉందిగా బేటీ, అటు రాయి."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నా చెవిన పడింది. శనివారం ఇంటి ప్రార్థనలు ఏ వారం ఎవరింట్లోనో ఏటా వంతులు రాసేది నేనే. కాగితం కొనడం నాకు అలవాటు లేదు.

"కాగితాలు ఉన్నాయి" అన్నాను.

"ఎక్కడమ్మా?"

"వంటింట్లో. మేకుకి."

"మేకుకున్నది ప్రార్థనల వంతులు కదా?"

"వాటికి అవతలి వైపు."

అమ్మాయి నావైపు తిరిగింది. "రేషను కార్డు ముప్పై ఏళ్ళు దాచావన్నావు?"

"దాచాను. దాని వెనక ఖాళీ లేదు."

వకీలు పిల్ల కలం కింద పెట్టి నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ కోర్టు ఆఫీసు వాళ్ళు ఓనరుకు కబురు పంపారు. ఆదివారం దాటాక అతను భార్యతో అక్కడికి వచ్చి, వీళ్ళు ఊరికే ఉంటున్న చుట్టాల్లాంటి వాళ్ళని చెప్పాడు. వకీలు పిల్ల, మేం మేకు నుంచి తీసి తెచ్చిన నూనె మరకల కాగితాలు రెండూ బల్ల మీద పరిచి రెండు నెలల మాట చదివింది. కింద అతని సంతకం. అతను కాగితం తిరగేసి, "ఇదేంటి?" అన్నాడు.

"మా ప్రార్థనల వంతులు భయ్యా. మీ ఇంటికీ ఒక వారం వెయ్యమంటావా?"

అతని భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను తగ్గాడు. నేను కూడా ఒక మాటిచ్చాను: చివరి పరీక్ష అయిన వారంలో తాళాలు నీ చేతిలో పెడతాను, అంతకు ముందు మెట్లెక్కకు. అదంతా రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ఫీజు తీసుకోని వకీలు పిల్ల, తనకని నేను తెచ్చిన అరిసెలు కూడా ముందు పుచ్చుకోలేదు. ఒక్కటి తినేదాకా నేను లేవలేదు.

మనవరాలు పరీక్షలన్నీ ఆ ఇంట్లోంచే వెళ్ళి రాసింది. నీళ్ళు ఒక్క పూటా ఆగలేదు. చివరి పరీక్ష అయిన నాలుగో రోజున తాళాలు ఇచ్చేశాం.

కొత్త ఇంటి అగ్రిమెంటు నా బైబిల్లో ఉంది. రెండు కాగితాల వెనకా తెల్లగా ఉంది. చూసినప్పుడల్లా చెయ్యి దురద పెడుతుంది. రాయను.